నంగోంబే బోరింగు మీద నలభై ఒక్క పరిశోధనలు

మా నంగోంబే గ్రామపు బోరింగు చెడిపోయి ఈ నెలతో ఆరేళ్లు నిండుతున్న శుభసందర్భంలో గ్రామపెద్ద తరఫున, నీటి కమిటీ తరఫున, విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థుల తరఫున పాఠకులందరికీ అభినందనలు తెలియజేయడమైనది. ఈ ఆరేళ్లలో ఆరే ఆరు రోజులు తప్ప (ఆ ఆరు రోజుల అప్రతిష్ఠ గురించి తర్వాత మనవి చేసుకుంటాను) ఆ బోరింగు నుంచి చుక్క నీరు రాలేదు. అయితే ముప్పై ఏడు ఎం.ఏ. పట్టాలు వచ్చాయి. నాలుగు డాక్టరేట్లు వచ్చాయి. మలావీ దేశంలో నీళ్లిచ్చే బోరింగులు వేలున్నాయి. వాటిలో ఒక్కదానికైనా ఇంత దిగుబడి ఉందా అని అడుగుతున్నాను.

అది చెడిన రోజు నాకు బాగా జ్ఞాపకం. వానలకు ముందు, నేల పెనంలా కాలే రోజులు. నీళ్లు కొడుతున్నది మా లోనియా. చనిపోయిన మా చెల్లెలి కూతురు, నీటి కమిటీ అధ్యక్షురాలు. బోరింగు వేసినప్పుడు ఎవరో వచ్చి ఆమెకు ఐదు రోజులు మరమ్మతు నేర్పి, ఒక పానా, ఒక సర్టిఫికెట్టు ఇచ్చి వెళ్లారు. పిడి ఒక్కసారిగా తేలిపోయేసరికి లోనియా కొంగు బిగించి, పానా తెచ్చి, గంటలో కడ్డీలన్నీ పైకి లాగి గడ్డి మీద పరిచింది. అడుగునున్న రబ్బరు వాషరు తీసి నాకు చూపించింది. ఎండిన మామిడి తొక్కలా చీలి ఉంది.

"రబ్బరు పోయింది మావయ్యా. ఇంకోటి దొరికితే పొద్దుగూకేలోగా నీళ్లొస్తాయి" అంది.

తర్వాత జరిగిన నలభై ఒక్క పరిశోధనల్లో ఏదీ ఈ మాటకు మించి కనిపెట్టింది లేదు. కాని ఆ మాట కింద పాదసూచికలు లేవు గనక విజ్ఞులెవరూ దాన్ని పట్టించుకోలేదు.

ఆ రబ్బరు మా సంతలో దొరకదు. గ్రామపెద్ద లికాగ్వా జిల్లా కౌన్సిలుకు అర్జీ పెట్టాడు. కౌన్సిలు చాలా బాధ్యతగల సంస్థ. అర్జీ అందిందనీ, రబ్బరు పంపే ముందు రబ్బరు ఎందుకు లేదో అధ్యయనం జరగాలనీ వెంటనే జవాబు రాసింది. మరుసటి వారమే అద్దె సైకిలు వెనక సీటు మీద, మెడకు టై కట్టుకుని, బూట్లు చేత్తో పట్టుకుని యమికానీ న్దాలా అనే పిల్లవాడు దిగాడు. ప్రభుత్వ పాలనాశాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్నాడు. అతని సంచిలో ఎనభై నాలుగు ప్రశ్నల కాగితాలు, సైకిలు ముందు ఒక పెట్టె సబ్బులు ఉన్నాయి.

సబ్బుల సంగతి చెప్పాలి. పరిశోధకుడి ప్రశ్నలకు జవాబు చెప్పినవాళ్లకు ఒక బట్టల సబ్బు ఇవ్వడం మా దేశంలో ఆచారం. డబ్బిస్తే జవాబు కొనుక్కున్నట్టవుతుందట. సబ్బు ఇస్తే జవాబు శుభ్రంగా ఉంటుంది.

యమికానీ మొదట లోనియా ముందు చాప మీద కూర్చున్నాడు.

"అమ్మా, ఈ నీటి వనరు పనిచేయకపోవడానికి ప్రధాన కారణం ఏమని మీరు భావిస్తున్నారు?"

"రబ్బరు."

పిల్లవాడు కాగితాన్ని పైకీ కిందికీ చూశాడు. "అధికారం పైవాళ్ల చేతుల్లోనే ఉండిపోవడం, జవాబుదారీతనం లోపించడం, ప్రజల భాగస్వామ్యం లేకపోవడం. ఈ మూడిట్లో ఏదో చెప్పాలమ్మా."

"ఈ మూడిట్లో రబ్బరు ఎక్కడుంది నాయనా?"

"లేదమ్మా."

"బోరింగులోనూ లేదు. అదే కదా మొర్రో అంటున్నా!"

అతను 'ఇతరములు' అన్న గడిలో టిక్కు పెట్టి, మిగతా ఎనభై మూడు ప్రశ్నలూ పూర్తి చేసి, సబ్బు చేతికిచ్చాడు.

"దీన్నేం చేసుకోను బాబూ? ఒంటికి రుద్దుకుని గోడవారగా ఆరమంటావా?"

అదీ రాసుకున్నాడు. చాలా శ్రద్ధగల పిల్లవాడు.

తర్వాత నా వంతు. నేను అయిదో తరగతి దాకా చదివినవాణ్ణి. మూడు కారణాలూ విన్నాను, కళ్లు మూసుకున్నాను, నిట్టూర్చాను. "మూడూ నాయనా. మూడూ కలిసి మమ్మల్ని ముంచాయి" అన్నాను. యమికానీ నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "తాతా, ఊరికి మీలాంటివాళ్లు ఒక్కరుంటే చాలు" అన్నాడు. ఆ రోజు నుంచి నేను 'కీలక సమాచారదాత-1'. మా దేశపు ఉన్నత విద్యలో నా పేరెక్కడా కనబడదు గాని, ప్రతి మూడో పుటలోనూ నేనున్నాను. అతను క్షేత్రపరిశోధనకు వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే దిగేవాడు. న్సిమా అనే మా మొక్కజొన్నపిండి ముద్ద, ఎండుచేపల పులుసు తిని, రబ్బరు చెప్పులు వేసుకుని పెరట్లో తిరుగుతూ, ఇంత చక్కగా చెడిపోయిన బోరింగు మరెక్కడా దొరకదు తాతా అని మురిసిపోయేవాడు.

మంచి వస్తువు వాసన దాగదు. ఏడాది తిరిగేసరికి విద్యార్థులు బారులు కట్టారు. వీరిలో రెండు కులాలు. రాజనీతిశాస్త్రం వాళ్లు బోరింగుకు తూర్పున కూర్చుని, నీళ్లు రాకపోవడానికి కారణం అధికార సంబంధాలని తేల్చారు. పాలనాశాస్త్రం వాళ్లు పడమట కూర్చుని, కారణం విధివిధానాలని తేల్చారు. ఒకరి నీడ ఒకరి కాగితాల మీద పడకుండా జాగ్రత్తపడేవారు. మధ్యలో పిడి ఉండేది. దాన్ని మటుకు ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకుంటే క్షేత్రం చెడిపోతుందట.

ఊరు కూడా చదువుకు తగ్గట్టు ఎదిగింది. లికాగ్వా బృంద చర్చల కోసం గడ్డి కప్పుతో ఒక పాక వేయించి, లోపల ఎనిమిది మందికి ముక్కాలిపీటలు వేయించాడు. చర్చకు ఎనిమిది మందే ఉండాలి, తొమ్మిదో మనిషి కూర్చుంటే అది ఊరి కబురవుతుంది. బ్వనాలి అనే మా మేకల కాపరి 'మమ్మల్ని ఎవరూ సంప్రదించలేదు' అన్న మాట దగ్గర ఎడమ కంటి నుంచి మాత్రమే నీరు తెప్పించగలిగేవాడు. ఊళ్లో చుక్క నీరు లేని రోజుల్లో అది సామాన్యమైన విద్య కాదు. ఇక వాళ్ల కాగితాల మీది ఐదు గళ్లు (బొత్తిగా ఒప్పుకోను, ఒప్పుకోను, చెప్పలేను, ఒప్పుకుంటాను, పూర్తిగా ఒప్పుకుంటాను) మా సంసారాల్లోకి వచ్చేశాయి. కూరలో ఉప్పు సరిపోయిందా అని పెళ్లాం అడిగితే మొగుడు 'నాలుగు' అనేవాడు. బ్వనాలి మరదలు అతనితో మేలమాడుతూ, "ఏం బావా, నన్ను పెళ్లాడాలని ఉందా?" అంటే, "మూడే మరదలా, మరీ ఎక్కువ ఆశపెట్టుకోకు" అన్నాడు. ఆమె మొక్కజొన్న కంకి తీసి విసిరింది. అది ఐదు.

సబ్బులు మాత్రం గుట్టలు పడ్డాయి. ఇళ్లలో మూరెడు చోటు లేదు. కొందరు పొయ్యిగడ్డలు చేశారు, కొందరు కోళ్లగూటికి గోడ కట్టారు. లికాగ్వా తన పాక చుట్టూ అరుగు కట్టించాడు. మూడో ఏడు తొలివాన పడ్డప్పుడు జరిగింది చెబితే మీరు నమ్మరు, అయినా చెబుతాను. ఊరు ఊరంతా నురగ లేచింది. మేకలు నడుములోతు నురగలో మునిగి అరుపులు మాత్రం పైకి వదిలాయి. ఆ నురగ ఏరు దాటి సరస్సులో కలిస్తే, వారం రోజులపాటు జాలర్ల వలల్లో పడ్డ చేపలు పొలుసు కూడా లేకుండా తళతళలాడాయట. మా ఊరి దయవల్ల ఈ దేశపు చేప స్నానం చేసింది. మాకే లేదు.

స్నానం కాదు గదా, తాగడానికి కూడా నీళ్లు ఏటి నుంచే రావాలి. పోవడానికి గంటన్నర, రావడానికి గంటన్నర, నెత్తిన బిందె. లోనియా రోజుకు రెండుసార్లు వెళ్లేది. మూడేళ్లు తిరిగేసరికి ఆమె ఎడమ మోకాలు గుమ్మడికాయంత అయింది. నీటి కమిటీని సమావేశపరిచి ఏదో ఒకటి తేల్చాలని ఆమె పదకొండుసార్లు కబురు పెట్టింది. కమిటీలో ఆమెతో కలిపి తొమ్మిదిమంది. పదకొండుసార్లూ మిగతా ఎనిమిదిమంది పాకలో కూర్చుని, కమిటీ ఎందుకు సమావేశం కావడం లేదన్న విషయమై పరిశోధకులకు జవాబులిస్తూ ఉన్నారు.

చివరికి లోనియా ఒక మినీబస్సు డ్రైవరును బతిమాలి బ్లాంటైరు నగరం నుంచి కొత్త వాషరు తెప్పించుకుంది. నల్లగా, నిగనిగలాడుతూ, బిడ్డ చెవిలా మెత్తగా ఉంది. ఆమె పానా పట్టుకుని బోరింగు దగ్గర కూర్చునే సమయానికి యమికానీ పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, ఆగండి! మీ కాళ్లు పట్టుకుంటా. రెండు నెలలు ఆగండి. పరీక్షకులు స్వయంగా వచ్చి చూస్తామన్నారు. వాళ్లొచ్చేసరికి నీళ్లు పడితే నా నాలుగు అధ్యాయాలూ మునిగిపోతాయి."

"ఏ కాలు పట్టుకుంటావు? ఎడమది మాత్రం ముట్టుకోకు, చచ్చేంత నొప్పి."

"మీ మోకాలు నా మూడో అధ్యాయంలో ఉందమ్మా! పట్టా రాగానే కౌన్సిల్లో ఉద్యోగం ఖాయం. నా మొదటి సంతకం మీ బోరింగు గురించే పెడతాను."

పాకలో పంచాయితీ పెట్టారు. లికాగ్వా లేచి గొంతు సవరించుకున్నాడు. "గ్రామస్థులారా! బోరింగు ఈరోజు కాకపోతే రేపు బాగుపడుతుంది. కాని చదువు? దేశానికి పాలకులు ఎక్కడ తయారవుతున్నారు? ఇక్కడ, మన చెడిపోయిన పిడి నీడలో తయారవుతున్నారు. నీళ్లు తాగితే ఒక పూట దాహం తీరుతుంది, పట్టా వస్తే ఒక జీవితం తీరుతుంది. పైగా ఒక్క మాట. నీళ్లొచ్చాక ఈ పిల్లలు ఇక్కడికి ఎందుకొస్తారు? సబ్బు పెట్టె ఎవరిస్తారు?" చివరి ముక్కకు చప్పట్లు ఎక్కువ పడ్డాయి.

మా వాళ్లలో ఆడమనిషికి దిక్కు తండ్రీ కాదు, మొగుడూ కాదు. మేనమామ. ఆమె కష్టానికీ సుఖానికీ ఊళ్లో జవాబు చెప్పాల్సినవాడు అతనే. అందుకని లికాగ్వా నా వైపు తిరిగి, "లోనియా తరఫున నువ్వేమంటావు పెద్దాయనా?" అన్నాడు. నేను దీర్ఘంగా ఆలోచించాను. ఆ వారం మా ఇంటికి రెండు పెట్టెల సబ్బులు వచ్చిన మాట నిజమే గాని, దానికీ దీనికీ సంబంధం లేదు.

"పిల్లవాడి చదువు గదా" అన్నాను.

లోనియా పానా కింద పెట్టింది. పదిలంగా ఉంటుందని వాషరు యమికానీకి అప్పగించారు. అతను మాట తప్పే మనిషి కాడు, చాలా పదిలపరిచాడు. ప్లాస్టిక్ కవరులో పెట్టి, తన సిద్ధాంత గ్రంథం చివర 'అనుబంధం-7: ప్రధాన సాక్ష్యం' అని కుట్టించాడు. పరీక్షకులు మురిసిపోయి మొదటి శ్రేణి ఇచ్చారు. కౌన్సిల్లో ఉద్యోగమూ వచ్చింది. మొదటి సంతకం మా బోరింగు గురించే పెట్టాడు. దాని మీద అధ్యయనానికి మరొక విద్యార్థిని పంపుతూ ఉత్తర్వు.

ఇంకో రెండేళ్లు ఎదురుచూసి, ఆరో ఏట లోనియా నా దగ్గరికొచ్చింది. "మావయ్యా, నాతో పట్నం రా. ఆ పుస్తకం చూసొద్దాం" అంది. నా బరువు, ఆమె మోకాలి బరువు కలిసి మినీబస్సు ఎక్కాయి.

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అద్దాలాయన మమ్మల్ని కిందినుంచి పైకి చూశాడు. "మీరు ఏ శాఖ?"

"నంగోంబే" అన్నాను. లోనియా యమికానీ పుస్తకం అడిగింది.

"అమ్మా, ఈ పుస్తకం బయటికివ్వం. ఇక్కడే కూర్చుని చదువుకోవాలి."

"నాకు చదువు రాదు బాబూ. ఆఖరి పేజీ ఒక్కటి చూస్తాను."

"అందరూ ఆఖరి పేజీయే చూస్తారు" అని నిట్టూర్చి పుస్తకం ఇచ్చాడు.

లోనియా బల్ల ముందు కూర్చుని అనుబంధం-7 తెరిచింది. రెండేళ్లు దాటినా రబ్బరు అలాగే నిగనిగలాడుతోంది. అంత భద్రంగా మా ఊళ్లో ఏదీ ఉండదు. ఆమె కాసేపు వేలితో నిమిరింది. తర్వాత కొంగులోంచి ఒక సబ్బు తీసి, కవరు మీదనుంచే వాషరును దాని మీద పెట్టి, అరచేత్తో గట్టిగా నొక్కింది. అంచు, మందం, నడిమి కన్నం, అన్నీ సబ్బులో అచ్చుపడ్డాయి. పుస్తకం మూసి, అద్దాలాయనకు దండం పెట్టి బయటికి నడిచింది. పరిశోధకులు మా ఊరికి పంచిన వేలాది సబ్బుల్లో ప్రజోపయోగానికి వాడబడినది నాకు తెలిసి అదొక్కటే.

ఇంటికి రాగానే మా మంచం కింద వెతికింది. యమికానీ వదిలిపోయిన రబ్బరు చెప్పులు అక్కడే ఉన్నాయి. కుడిచెప్పు మడమ దగ్గర మందంగా ఉంది. అచ్చు పక్కన పెట్టుకుని, కత్తి కాల్చి, ఓపిగ్గా కోసింది. కడ్డీలు దించింది. పిడి పట్టింది. పదిహేనుసార్లు గాలి, పదహారోసారి బురద, ఇరవయ్యోసారి నీళ్లు.

ఆ ఆరు రోజులూ ఊళ్లో క్రమశిక్షణ పూర్తిగా చెడిపోయింది. జనం పగలంతా స్నానాలే. ఒకరి ముఖం ఒకరు గుర్తుపట్టలేదు. బ్వనాలి తెల్లబట్టలు కట్టుకొస్తే ఎవరో పరీక్షకుడు అనుకుని పాకలో ఎనిమిదిమంది కూర్చున్నారు. లోనియా మాత్రం వీధి అరుగు మీద కాలు చాపుకుని కూర్చుంది, ఎటూ వెళ్లకుండా. ఆమె అలా ఊరికే కూర్చుని ఉండగా చూడటం నాకు ఆరేళ్ల తర్వాత అదే మొదలు.

ఏడో రోజు కౌన్సిలు తెల్లకారులో యమికానీ గారు దిగారు. ఇప్పుడు ఉప సంచాలకులు. బూట్లు చేత్తో పట్టుకునే అవసరం లేదు. పిడి కొట్టి చూశారు. నీళ్లు బూట్ల మీద పడ్డాయి. ముఖం పాలిపోయింది. తన గ్రంథం రెండువందల పన్నెండో పుటలో 'ప్రస్తుత పాలనావ్యవస్థలో ఈ వనరు పనిచేయు అవకాశం ఎంతమాత్రమూ లేదు' అని శాస్త్రీయంగా రుజువు చేసి ఉన్నారు. ఇప్పుడు ఆ పుట తప్పవ్వాలి, లేదా ఆ నీళ్లు తప్పవ్వాలి. పుటకు విశ్వవిద్యాలయం ముద్ర ఉంది. నీళ్లకు ఏముంది?

పాకలో నిలబడి ఆయన చేసిన ప్రసంగం చిన్నపిల్లలు కూడా మెచ్చుకున్నారు. "సోదరసోదరీమణులారా! కమిటీ తీర్మానం లేకుండా, నిధుల కేటాయింపు లేకుండా, విధానపత్రం లేకుండా వచ్చిన ఈ నీరు నన్ను ఆశ్చర్యపరిచింది. ఈ నీటికి సిద్ధాంతం లేదు! సిద్ధాంతం లేని నీరు ఎంతకాలం నిలుస్తుంది? కనుక నేను దీని మీదనే డాక్టరేటు చేయ సంకల్పించాను. విషయం: గ్రామీణ స్వయంసాంకేతికత. అందుకు ఆ పరికరాన్ని సాక్ష్యంగా విశ్వవిద్యాలయానికి సమర్పించాలి."

లోనియా కూర్చున్నచోటునుంచే అంది: "పరికరం కాదు నాయనా, అది నీ కుడిచెప్పు."

ఆయన పుస్తకం తీసి, 'బాహ్య సహకారం కూడా అందినది' అని రాసుకున్నారు.

తీర్మానం ఓటుకు పెట్టారు. ఇది డాక్టరేటు గనక మనిషికి రెండు సబ్బులు, ఒక చక్కెర పొట్లం. ఐదు గళ్ల కాగితాలు పంచారు. ఊరంతా 'పూర్తిగా ఒప్పుకుంటాను' దగ్గర టిక్కు పెట్టింది. లోనియా మొదటి గడిలో పెట్టిన టిక్కు కాగితాన్ని చించింది. లెక్కలో ఇంకొక్క కాగితం తేడా వచ్చింది.

"మావయ్యా, అది నీదేనా?" అంది లోనియా. ఆమె ముఖంలో కొంచెం వెలుగు.

"నాదే. మూడో గడి. చెప్పలేను."

అదే సాయంత్రం కడ్డీలు పైకి లాగి ఆ చెప్పుముక్క తీసుకుపోయారు. లోనియా బిందె తీసుకుని ఏటిదారి పట్టింది. దారిలో ఎదురైన విద్యార్థి ఒకడు ఆమెను ఆపి, గ్రామ నీటి సదుపాయం పట్ల మీ సంతృప్తి స్థాయి ఎంత అని మర్యాదగా అడిగాడట. ఏం జవాబు చెప్పిందో తెలియదు గాని, వాడు ఆ రాత్రికే పట్నం వెళ్లిపోయి చరిత్రశాఖలో చేరాడని విన్నాను.

ఇక వర్తమానానికి వద్దాం. చెప్పులన్నవి జతగా ఉంటాయి. ఎడమచెప్పు ఇంకా మా మంచం కిందే ఉంది. నిన్న లోనియా వచ్చి గుమ్మంలో కాలు చాపుకుని కూర్చుంది.

"మావయ్యా, ఆ రెండోది ఇలా ఇయ్యి."

"మంగళవారం నలభై రెండో పిల్లవాడు వస్తున్నాడమ్మా. పాపం, ఎంత దూరం నుంచో. వాడి పని కానీ, తర్వాత చూద్దాం."

ఆమె మోకాలికి కట్టిన గుడ్డ విప్పి మళ్లీ కట్టుకుంది. తర్వాత అంది: "నలభై ఒక్కమంది నిన్ను ఒకే ప్రశ్న అడిగారు, బాధ్యత ఎవరిదని. వాళ్లనీ వీళ్లనీ అందర్నీ చెప్పావు. ఒక్కసారన్నా నీ పేరు చెప్పావా?"

"పేర్లు రాయరమ్మా. గోప్యంగా ఉంచుతారు" అన్నాను.

ఆమె బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. నేను చదువుకున్నవాణ్ణి గనక సొంతంగా నిర్ణయం తీసుకోలేదు. ఇంతదాకా ఓపిగ్గా చదివి, అక్కడక్కడా నవ్వి, 'లోకం ఇంతే' అని తల పంకించిన మిమ్మల్నే అడుగుతున్నాను. ఆ ఎడమచెప్పు లోనియాకు ఇచ్చెయ్యాలన్న ప్రతిపాదనతో మీరు ఎంతవరకు ఏకీభవిస్తారు? గళ్లు ఐదు, మీకు తెలిసినవే. కూర్చున్నచోటు నుంచి లేవనక్కర్లేదు, మీ పేరు ఎక్కడా రాయం. అనుభవంమీద చెబుతున్నాను, చదువుకున్నవాళ్లలో ఎక్కువమంది మూడో గడిలోనే పెడతారు. సిగ్గుపడకండి. మీ సబ్బు మీకు పంపిస్తాను. నీళ్లు మాత్రం మీరే చూసుకోవాలి.